ఒక్కరోజు గడువు

మా వెనక గదిలో కిరాయికుండే వడ్రంగి చాచా, పుచ్చు పురుగు పట్టిన చెక్కకు మందు పూసే ముందురోజు దాన్ని తలుపు తట్టినట్టు తట్టేవాడు. మేం ఇంటి దగ్గరే కోయించిన మామిడి పలకలకూ అంతే చేశాడు.

"రేపటిదాకా టైమిస్తున్న. జల్దీ ఖాళీ చేయుండ్రి."

"పురుగులు నీ మాట వింటయా చాచా?" అని నవ్వాను.

"వినకున్నా చెప్పాలె గదమ్మా. వాటికది ఇల్లాయె."

ఆయన గది పడగొట్టి మేం కట్టబోయే దుకాణానికే ఆ పలకలు. ఆ సంగతి ముప్పయ్యో తారీఖున చెప్పి, ఒకటిన గది కావాలన్నాను. పురుగులకు ఆయనిచ్చిందీ, ఆయనకు నేనిచ్చిందీ ఒక్క రోజే.

ఒకటిన పొద్దున్నే తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"పలకలను ఇంకో నాలుగు రోజులు ఎండనీయమ్మా" అన్నాడు.

ఎక్కడికి పోతున్నావని నేను అడగలేదు.