ఎర్ర చుక్కలు లేని ఉదయగిరి

నన్ను ఉదయగిరికి పంపింది ఒక కంప్యూటరు. సారా దుకాణాలు మూతపడ్డాక తాగుడు మానలేని కొందరు నిద్రమాత్రలకు మరిగారు. మోతాదు మించి పడిపోయేవాళ్ళను కాపాడే బాధ్యతను, నెల్లూరులో నేను గుమస్తాగా ఉన్న సేవాసంస్థ నెత్తికెత్తుకుంది. ఎవరినైనా కాపాడే ముందు ఒక కంప్యూటరూ రంగుల ప్రింటరూ కొన్నది. ఆసుపత్రుల నుంచి ఫారాలు తెప్పించి, జిల్లా పటం మీద కేసుకొక ఎర్ర చుక్క పెట్టాం. ఆత్మకూరు ఎర్రగా కందిపోయింది. ఉదయగిరి, సీతారామపురం మాత్రం ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా వచ్చాయి.

మా డైరెక్టరు గారు పటాన్ని గోడకు ఆనించి మురిసిపోయారు.

"చూశావటయ్యా, ఆదర్శ మండలాలు! వాళ్ళ రహస్యమేమిటో కనుక్కుని రా. హైదరాబాదు మీటింగులో చెప్పాలి. ఫోటోలు మరిచిపోకు."

పటాన్ని చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని, ఉదయం ఆరుంపావుకి నెల్లూరులో ఆత్మకూరు బస్సెక్కాను. కిటికీకి అద్దం లేదు. ఎనిమిదింటికి దిగేసరికి నా జుట్టు రంగు మారింది. బస్టాండు ఎదురు హోటల్లో నాలుగు ఇడ్లీ తిని, టీ చల్లారేలోపు పటం విప్పి యజమానికి చూపించాను.

"ఏంది సార్ ఇది, మా ఊరికి ఆటలమ్మ పోసినాదా?" అన్నాడాయన. "మా వీధుల్లో నాకు దెలిసి అట్టా పడినోడు ఒక్కడు గూడా లేడే!"

నేను జాలిగా నవ్వాను. కంప్యూటరు ముందు ఇడ్లీ హోటలు సాక్ష్యం ఏపాటిది?

ఎనిమిదీ నలభైకి ఉదయగిరి బస్సు. నా పక్కన అంకమ్మ అనే నడివయసు మనిషి కూర్చుంది. సీతారామపురం వెళ్ళాలట. పటం అంచు ఆమె చేతికి తగులుతుంటే, అదేమిటని అడిగింది. ఎర్ర చుక్కల సంగతి వివరంగా చెప్పాను. అలాంటి వివరణలంటే నాకు సరదా.

"మా సీతారాంపురం ఏది?"

చూపించాను.

"తెల్లంగా ఉండాదే! మరి మా తమ్ముడేడి?" అంది. "వానాకాలంలో మాత్రలు మింగి పడిపొయినాడు. ఈ బస్సులోనే ఆత్మకూరు ఆసుపత్రికి దెచ్చినాం. ఆడనే పోయినాడు."

పటం చుట్టేశాను. మిగతా దారంతా ఆమె కిటికీలోంచి బయటికి చూసింది, నేను నా చెప్పులు చూసుకున్నాను.

పదీముప్పావుకి ఉదయగిరి. దుర్గం కొండ ఎండలో కాలుతోంది. కొండకింద ఒక చిన్న ధర్మాసుపత్రిలో ఎస్తేరమ్మ అనే నర్సు ఉంటుందని డైరెక్టరు గారు చీటీ రాసిచ్చారు. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. ఆదర్శ మండలమన్న మాట వినగానే నన్ను గోడ దగ్గరికి లాక్కుపోయింది.

పాత క్యాలెండరు వెనక పెన్సిలుతో గీసిన ఊళ్ళ పటం. దాని నిండా బొట్టుబిళ్ళలు. ఆకుపచ్చవి బతికినవాళ్ళు, ఎర్రవి పోయినవాళ్ళు.

"ఈ ఎర్రోళ్ళల్లో సగంమంది బస్సుదాకా గూడా రాలేదు సార్. వొచ్చినోళ్ళు ఆత్మకూరు లెక్కలో పడినారు. మీ కంప్యూటరుకి బొట్టుబిళ్ళలు లేవా?"

ఒక ఊరి దగ్గర బిళ్ళలు గుంపుగా ఉన్నాయి. అక్కడి సంతలో ఒకడు మాత్రలు విడిగా అమ్ముతున్నాడని ఆ గుంపు చూశాకే ఆమెకు అనుమానం వచ్చిందట. ఆ ఊరి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, క్యాలెండరు చేతపట్టుకుని వాడి ముందు నిలబడింది. వాడు సంత మానేశాడు. ఆ తర్వాత అక్కడ కొత్త బిళ్ళ పడలేదు. మా పటం కూడా ఒక పని చేసింది. ప్రింటరులో ఎర్ర సిరా అయిపోయేలా చేసింది.

ఆమె నాకు సంగటి, గోంగూర పెట్టింది. తింటున్నంతసేపూ పాఠం చెప్పింది. పడిపోయినవాడి నోట్లో చింతపండు రసం పోయకూడదు, ఊపిరాడక చస్తాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కిందికి వాల్చాలి, ఊపిరి చూస్తుండాలి.

"చదువు రానోళ్ళకి గూడా తెలిసేటట్టు ఇదొక బొమ్మ గీసి పంపండి సార్. బస్సులో అంటిస్తా."

ఫోటో తీస్తానంటే క్యాలెండరుకు అడ్డంగా నిలబడింది. బొమ్మ పంపాకే ఫోటో అంది.

రెండున్నర బస్సులో తిరుగు ప్రయాణం. రెండో స్టేజీలో ఇద్దరు మనుషులు ఒకణ్ణి మంచంమీద మోసుకొచ్చి, బస్సులోకి చేర్చి వెనక సీట్లో పడుకోబెట్టారు. ముప్పై ఏళ్ళవాడు. పేరు రమణయ్య అని వెంట వచ్చిన తల్లి ఏడుస్తూ చెప్పింది. ఆమె చేతిలో చెంబు. చింతపండు రసం.

కండక్టరు తల్లికీ కొడుక్కీ టిక్కెట్లు కొట్టి, డ్రైవరుకు ఈల ఊదాడు.

"మా ఊళ్ళకి ఇదే అంబులెన్సు సార్. పడుకున్నోడికి గూడా టిక్కెట్టు కొట్టాల."

డ్రైవరు మరే స్టేజీలోనూ ఆపలేదు. తల్లి చెంబు ఎత్తింది. నేను లేచి పట్టుకున్నాను.

"వద్దమ్మా, పొయ్యొద్దు!"

రసం కిటికీలోంచి పారబోసి, రమణయ్యను పక్కకు తిప్పాను. మూతి దగ్గర చెయ్యి పెట్టి కూర్చున్నాను. ఊపిరి వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. అన్ని చుక్కలు పెట్టిన నేను అప్పటిదాకా ఒక్క మనిషినీ చూడలేదు. ఆత్మకూరు చేరేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఆసుపత్రిలో అతన్ని లోపలికి తీసుకుపోయారు. కాంపౌండరు బల్లమీద మా సంస్థ ఫారం తీసి నింపసాగాడు.

"ఊరు రాయండి," అన్నాను.

"ఆ గడి లేదు సార్. ఏ ఆసుపత్రి అనే ఉండాది. నేనేం జేసేది?"

ఆ ఫారం తయారుచేసినవాణ్ణి నేనే. ఒక్క పేజీలో ఇమడాలని ఊరి గడి కొట్టేశాను. అతని కలం తీసుకుని, అంచులో ఆ తల్లి చెప్పిన ఊరు రాశాను.

పొద్దుగుంకే వేళ డాక్టరు బయటికొచ్చి, బతుకుతాడన్నారు. తల్లి నేలమీద కూలబడి, ఖాళీ చెంబులోకి ఏడ్చింది.

ఏడింటికి నెల్లూరు బస్సు దొరికింది. డైరెక్టరు గారు అడిగిన రహస్యం తెలిసిపోయింది. ఉదయగిరివాడు పడిపోయి మన పటానికి ఎక్కాలంటే, ముందు రెండు గంటలు బస్సులో బతికుండాలి. ఎక్కినా ఆత్మకూరువాడుగానే ఎక్కుతాడు.

బల్బు కింద సీటు చూసుకుని, పటాన్ని బోర్లించి, తెల్లటి వెనకవైపు ఎస్తేరమ్మ అడిగిన బొమ్మ పెన్సిలుతో మొదలుపెట్టాను. కుదుపులకు మనిషి చేపలా వచ్చాడు. టిక్కెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు ఎందుకని అడిగాడు. చెప్పాను. ఆయన వంగి బొమ్మ చూశాడు.

"తలకాయ ఇంకా కిందికి దించాల సార్. ఇట్టా ఉంటే ఊపిరాడదు."

రబ్బరు లేదు. వేలితో తుడిచి, తల దించాను.