ముప్పై ఒకటో అంతస్తులో మిఠాయిల జల్లు

అస్తానాలో కడుతున్న ఆ మేడలో ముప్పై ఒకటో అంతస్తు రంగుపని కలాంకాస్‌ది. ఆరేళ్లు రంగు డబ్బాలు మోసి భుజాలు కాయలు కాశాక, మేస్త్రీ సాబిర్‌జాన్ మొదటిసారి ఆమె చేతికి స్ప్రే గన్ ఇచ్చాడు. పూత తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరమ్మ ఈ అంతస్తుకు వంక పెట్టిందా, మళ్ళీ డబ్బాల దగ్గరికే.

ఉక్కు స్తంభాలకు కొట్టే ఆ తెల్లరంగు మామూలుది కాదు. మంట తగిలితే నూనెలో పడ్డ పూరీలా ఉబ్బి ఉక్కును కప్పేస్తుంది. జనం దిగిపోయేదాకా, రెండు గంటలపాటు, ఉక్కు మెత్తబడకూడదని రూలు. పూత ఎక్కడా పలచబడకూడదు.

ఆఖరి స్తంభం పూర్తయ్యేసరికి, కోడలి పని చూద్దామని అత్తగారు బిబిగుల్ వచ్చి లిఫ్టు దిగింది.

"అమ్మో, పెళ్లికూతురిలా ఉందే నీ స్తంభం!"

శుభం కనబడితే, అక్కడి ఆచారం ప్రకారం, మిఠాయిలు చల్లకుండా ఉండే మనిషి కాదు ఆవిడ. కోటు జేబులోంచి తీసి రెండు గుప్పిళ్లు ఎగజల్లింది. పనివాళ్లంతా ఏరుకోవడానికి ఎగబడ్డారు. హెల్మెట్లు ఠంగుఠంగున కొట్టుకున్నాయి. తీరా తలెత్తి చూస్తే, తడి రంగులో ఎర్ర కాగితాలతో సహా పదకొండు మిఠాయిలు!

"అత్తయ్యా!"

"నాదేం తప్పు? నేను గాల్లోకి వేశాను, అదే పట్టేసుకుంది!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అంతలో ఇన్‌స్పెక్టరమ్మ లిఫ్టు ఎక్కిందని కింద నుంచి ఫోను.

"గబగబా పీకేసి పైన ఒక పూత లాగించెయ్, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మేస్త్రీ.

"నిప్పుకు తెలుస్తుంది బాబాయ్," అంది కలాంకాస్. లిఫ్టు తలుపు తెరుచుకోగానే తనే ఎదురెళ్లి స్తంభం చూపించింది.

రౌజా అనే ఆ ఇన్‌స్పెక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"తనిఖీ కాగితంలో దీన్ని ఏమని రాయమంటావమ్మా?"

"ఉన్నదే రాయండక్కా. మిఠాయిలని."

రౌజా పెదవులు బిగపట్టి, ఎప్పుడో ఆరిపోయిన మిగతా స్తంభాలన్నింటి మీదా పూత మందం కొలిచే మీటరు పెట్టి చూసింది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇవన్నీ పాసు. ఆ మిఠాయి స్తంభాన్ని ఉక్కు కనబడేదాకా గీకి మళ్ళీ కొట్టాలి," అని, మేస్త్రీ వైపు తిరిగి, "ఎవరు కొడతారు?" అంది.

సాబిర్‌జాన్ బుగ్గలో మిఠాయి ఉంది. మాట పెగలక, వేలితో కలాంకాస్‌ను చూపించాడు.

అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ఇన్‌స్పెక్టరమ్మకు తన్నుకొచ్చింది. కలాంకాస్ గీకుడు కత్తి అందుకుంది గానీ, నవ్వుతో ఒళ్లంతా ఊగిపోతుంటే కత్తి స్తంభం మీద నిలిస్తేగా!