మస్తాన్ మామ ఇచ్చిన మెమో

మొన్న కొండ దిగే బస్సులో బ్రేకులు కాలిన వాసన వచ్చింది. పక్క సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నా ఎడమ కాలు మాత్రం దానంతటదే లేని క్లచ్ కోసం వెతుక్కుంది. మస్తాన్ మామ ఉంటే ఆ డ్రైవరును దులిపేసేవాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ప్రొద్దుటూరు దగ్గర గ్రామసేవికగా చేరాను. మస్తాన్ మామ మా ఆఫీసు జీపు డ్రైవరు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది. ఉగాదికి ముందు, కొండల్లో మోదుగులు ఎర్రగా పూసే రోజుల్లో, టీకాల గురించి చెప్పి రమ్మని మమ్మల్ని ఊళ్ళకు పంపేవారు. జమ్మలమడుగు, ముద్దనూరు, పులివెందుల, వేముల, వారం పది రోజుల తిరుగుడు. వెనక సీట్లో ఆయా సుబ్బమ్మ, ఆమె వక్కాకు సంచి. కొండ దారుల్లో తోలడం ఒక్కడికే వస్తే చాలదని, మైలవరం పక్క చదును బాటల్లో మామ నాకు స్టీరింగు ఇచ్చాడు. ఆడపిల్లకు నేర్పుతున్నానని గొప్పలు పోలేదు. గేరు కరకరలాడితే మాత్రం తన పన్నే ఊడినట్టు మొహం పెట్టేవాడు. ఆయనది ఒకటే నియమం. కొండ ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. పెట్రోలు మిగులుతుందని ఇంజిను ఆపి జారిపోయే లారీవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మంట.

ఆ ఏడు పులివెందుల నుంచి తిరిగి వస్తూ, ముద్దనూరు ఘాట్ పైన రేడియేటరు చల్లారాలని ఆగాం. మళ్ళీ బయల్దేరుదామంటే బండి స్టార్టు కాలేదు. మామ ముందుకు వెళ్ళి, ఇంజిను తిప్పే ఇనప హ్యాండిల్ దూర్చి తిప్పాడు. అది ఎదురు తన్నింది. మణికట్టు విరిగిందని చూడగానే తెలిసిపోయింది. మిట్టమధ్యాహ్నం, మనిషి అలికిడి లేదు. ఆసుపత్రేమో కింద జమ్మలమడుగులో ఉంది. నాకు లైసెన్సు లేదు, ఘాట్ మీద ఒక్కసారైనా తోలలేదు. సుబ్బమ్మ పాత చీర చింపి ఆయన చేతికి కట్టు కట్టింది. ఆయన నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తాను వచ్చి పక్కన కూర్చున్నాడు.

"క్లచ్ తొక్కి రెండో గేరులో పెట్టు. బ్రేకు వదులు. బండి కదిలినాక క్లచ్ మెల్లగా వదలల్ల" అన్నాడు.

ఒక్క కుదుపు కుదిపి ఇంజిను అందుకుంది. వెనక సుబ్బమ్మ తెలిసిన దేవుళ్ళందరినీ పిలవసాగింది. మొదటి మలుపులోనే నా కళ్ళు లోయలోకి పోయాయి.

"యాడ చూస్తాండావు పాపా? రోడ్డు చూడు. బ్రేకు మీద కాలు తీయి. ఇంజిను పట్టుకోనుండాది."

నిజంగానే పట్టుకుని ఉంది. నొప్పికి ఆయన పెదవి కొరుక్కుంటున్నాడు గానీ స్టీరింగు వైపు ఒక్కసారీ చెయ్యి చాచలేదు. ఆసుపత్రి ముందు ఆపేసరికి నా వీపంతా చెమట. ఆయన దిగి, లోపలికి పోకుండా ముందు చక్రం దగ్గర వంగి, మంచి చేత్తో బ్రేకు డ్రమ్ము తాకి చూశాడు. "పెద్దగా కాగలేదు పాపా" అన్నాడు. ఉద్యోగంలో నాకు చాలా మెప్పులు దొరికాయి. ఏదీ దీనికి సాటి రాలేదు.

మా ఆఫీసరు మంచివాడే. లైసెన్సు లేని మనిషికి బండి ఇచ్చాడని తెలిస్తే మామ ఉద్యోగానికే ముప్పు కాబట్టి, మామే ఒంటిచేత్తో దింపాడని రిపోర్టు రాద్దామన్నాడు. నేను సరేనన్నాను. మామ ఒప్పుకోలేదు.

"అట్ల రాస్తే నా ఉద్యోగం నిలబడతాది సార్. ఈ పాప తోలింది మాత్రం లేకుండా పోతాది. ఘాట్ దింపింది ఈ పాప. అట్లే రాయండి."

ఉద్యోగం పోలేదు గానీ ఆరు నెలలు ఆయన్ను బండెక్కనివ్వలేదు. ఇంగ్లీషులో మెమో వచ్చింది. కట్టు చేత్తోనే దాన్ని తెచ్చి నా చేత రెండుసార్లు తెలుగులో చదివించుకున్నాడు. నా పేరుందా అని అడిగాడు. ఉందన్నాను.

"అయితే ఇది నీకాడ పెట్టుకో."

ఆయన మళ్ళీ జీపెక్కేలోగా నేను లైసెన్సు తెచ్చుకున్నాను. తర్వాత ఎన్ని లైసెన్సులు మారాయో గుర్తు లేదు. వాటితోపాటే, నాలుగు మడతల ఆ మెమో ఇప్పటికీ నా చేతి సంచిలో ఉంది. నేను ఆ ఘాట్ దింపానని రాసి ఉన్న కాగితం అదొక్కటే. అదీ ఆయన మీద మోపిన నేరంగా రాశారు.