మువ్వ అంచు అప్పీలు

అమలాపురం పక్క బండారులంకలో వీరాయమ్మ నేసే చీరలకి కొబ్బరి మువ్వ అంచు ఉంటుంది, కొబ్బరిచెట్టు నడినెత్తిన ఇంకా విచ్చుకోని లేతాకులాగా. అత్తగారు నేర్పిన అంచు. భర్త పోయాక రెండు మగ్గాలూ ఆవిడే నడుపుకొస్తోంది. రెండువేల ఒకటిలో, ఆవిడ దగ్గర చీరలు కొనే బరంపురం షావుకారు ఆ అంచు తనదేనంటూ ఒరిస్సాలో దావా వేశాడు.

వాయిదా వాయిదాకీ అంతదూరం పోలేనని వీరాయమ్మ ఉచిత న్యాయసహాయంతో సుప్రీంకోర్టుకి అర్జీ పెట్టుకుంది. కేసు అమలాపురం మార్చేరు. ఆ సంబరం రెండు రోజులే. ప్లీడరు కామరాజు గారు ఆఫీసుకి రమ్మని కబురంపేరు.

"మగ్గం మీద మువ్వ అంచు ఆపాలమ్మా. కేసు మారడానికి వారం ముందే, నువ్వు లేని వాయిదాలో, షావుకారు మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నాడు. దావా తేలేదాకా నువ్వా అంచు నెయ్యకూడదు."

"కొట్టేయించండి మరి."

"అప్పీలు వెయ్యాలి. ఉత్తర్వు ఇచ్చింది అక్కడి కోర్టు. కటకం హైకోర్టుకే వెళ్లాలేమో."

వీరాయమ్మ కుర్చీలోంచి కదల్లేదు. "చదువుకోలేదు గానీ ఒకటి అడుగుతానండీ. కేసు కట్టంతా ఇక్కడికొచ్చేసింది కదా. ఆ ఒక్క కాగితానికీ నేను మళ్లీ అక్కడికెందుకు పోవాలి?"

కామరాజు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మాట బాగానే ఉంది. మన హైదరాబాదు హైకోర్టులో వేస్తే, వాళ్లు కాదన్నారనుకో, ఈలోగా కటకంలో గడువు దాటిపోతుంది. రెంటికీ చెడతాం."

"చెడితే చెడదామండీ. ఇక్కడే వెయ్యండి."

రాజమండ్రిలో రైలెక్కి ఆవిడ కూడా హైదరాబాదు వెళ్లింది. షావుకారు తరఫు లాయరు లేవగానే, ఈ అప్పీలు వినే అధికారం ఈ కోర్టుకి లేదన్నాడు. గంటసేపు ఇంగ్లీషులో నడిచింది. వీరాయమ్మ జడ్జీల మొహాలే చూస్తూ కూర్చుంది. బయటికొచ్చాక కామరాజు గారు నవ్వుతూ చెప్పేరు.

"నువ్వన్నదే అన్నారమ్మా. కేసు బదిలీ అయ్యాక ఆ ఉత్తర్వు కూడా అమలాపురం కోర్టు ఇచ్చినట్టే లెక్కట. అందుకని అప్పీలు ఇక్కడే వింటారట."

"ఆయ్. మరి మగ్గం?"

"ఇంకా ఆగాలి. వినడానికి ఒప్పుకున్నారంతే."

మూడు నెలలాగింది. ఆ మూడు నెలలూ మువ్వ అంచు లేని గళ్ల తువ్వాళ్లు నేసింది. కార్తీకంలో ఉత్తర్వు కొట్టేశారు.

అసలు దావా అమలాపురంలో ఇంకో నాలుగేళ్లు సాగింది. వీరాయమ్మ ఒక్క వాయిదా తప్పలేదు. పొద్దున్నే ఆటోలో వెళ్లి, పిలుపయ్యాక తిరిగొచ్చి, అన్నం తిని మగ్గం గుంటలో దిగేది. రెండువేల ఆరులో షావుకారు వేసిన దావాని కోర్టు కొట్టేసేనాటికి ఆవిడ దగ్గర ఇద్దరు కోడళ్లు మువ్వ అంచు నేర్చుకుంటున్నారు.