తడిసిన బండ

ఆ వేసవంతా నేను ఆఫీసులో లిఫ్టు ఎక్కలేదు. హిమాలయాల్లో ఒక కనుమ దాటి రావడానికి మా ఆఫీసువాళ్లం కొందరం పేర్లిచ్చాం. నేను మంచు సినిమాల్లో తప్ప చూడలేదు. అంతకు ముందు ఏడాది నాకు కడుపు నిలవలేదు. అప్పటినుంచి ఇంట్లో నీళ్ల బిందె కూడా ఎత్తనిచ్చేవారు కాదు. ఈ ఒళ్లు ఇంకా దేనికి పనికొస్తుందో తెలుసుకోవాలని ఉండేది నాకు.

చందానగర్‌లో కిరాయి ఇంట్లో నేనూ మా అత్తమ్మే ఉన్నాం. మా ఆయన పనిమీద బెంగళూరు వెళ్లాడు. "ఊపిరాడని జాగల ఏమున్నదని పోతున్నవ్ బిడ్డా?" అని అత్తమ్మ అడిగేది. నేను మాట దాటేసేదాన్ని.

మాదాపూర్‌లో అప్పటికి ఆఫీసుల కంటే గుట్టలే ఎక్కువ. పని అయ్యాక నేనూ, నాతోపాటు పేరిచ్చిన కాకినాడ ఆవిడా వీపు సంచుల్లో ఇసుక నింపుకుని ఆఫీసు వెనక గుట్ట ఎక్కేవాళ్లం. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుందని, భయపడితే ఆయాసం ఇంకా పెరుగుతుందని మమ్మల్ని తీసుకెళ్లే ఆయన హెచ్చరించాడు.

ప్రయాణం దగ్గర పడ్డాక ఒక సాయంత్రం, మేము గుట్ట పైన ఉండగా గాలిదుమారం లేచింది. వెంటనే వాన. తొందరగా దిగడానికి ఉన్నదల్లా ఒక ఏటవాలు బండ. ముందు నేను దిగి, కింద అంచు మీద నిలబడి తిరిగి చూశాను. ఆవిడ బండ మధ్యలో బల్లిలా అతుక్కుపోయి ఉంది.

"కాలు కదలట్లేదండి," అంది.

"సంచి విప్పి వదిలెయ్యండి."

"చెయ్యి తీస్తే పడిపోతానండి!"

ఇసుక సంచి ఆవిడను వెనక్కి లాగుతోంది. అంచుకి కింద అంతా రాళ్లు. నా సంచీ బూట్లూ అక్కడే వదిలేసి, ఒట్టి కాళ్లతో పాకుతూ మళ్లీ పైకెక్కాను. వాన నీళ్లు నా వేళ్ల సందుల్లోంచి పారుతున్నాయి. ఒక చేత్తో బండ పగులు పట్టుకుని, రెండో చేత్తో ఆవిడ సంచి పట్టీలు ఊడదీశాను. సంచి జారి అంచు దాటింది. క్షణం తర్వాత కింద రాళ్ల మీద దబ్బున పడిన చప్పుడు వినిపించింది. ఆవిడ కళ్లు మూసుకుంది. నేను ఒక అడుగు కిందికి జరిగాను.

"కింద నేనున్నా. నేను పెట్టినచోట కాలు ఉంచండి, చాలు."

ఆవిడ మడమ పట్టుకుని పగులులో పెట్టాను. తర్వాత రెండోది. పక్కనే ఎక్కడో పిడుగు పడింది. ఆవిడ ఏడుస్తూనే దిగింది. అంచు అందుతుందనగా నా కాలు జారింది. మోకాలు చెక్కుకుపోయింది కానీ, పగులు పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

గుట్ట దిగాక ఆవిడ రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకుంది. "నేను రానండి. మీరు కూడా వెళ్లకండి," అంది. నిజంగానే ఆవిడ మర్నాడు మానుకుంది.

నాకు భయం ఇంటికొచ్చాక మొదలైంది. అత్తమ్మ నా మోకాలు చూసింది. జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. పసుపు అద్దుతూ, "గా గుట్ట నాకు చూపియ్యి," అంది.

ఆదివారం పొద్దున ఇద్దరం వెళ్లాం. బండ ఎండి మామూలుగా ఉంది. అత్తమ్మ కింద ఒక రాయి మీద కూర్చుని తల పైకెత్తి చాలాసేపు చూసింది.

"ఎక్కు. జర నేను చూస్త."

ఇసుక సంచి వీపున వేసుకుని సగం దాకా బాగానే ఎక్కాను. కాకినాడ ఆవిడ అతుక్కుపోయిన చోటికి వచ్చేసరికి నా పిక్కలు అదరడం మొదలైంది. ఇసుక బరువుకి భుజాలు లాగేస్తున్నాయి.

"దిగొస్తా అత్తమ్మా!" అని అరిచాను.

"దిగితే దిగు, ఎక్కితే ఎక్కు. గాడ మాత్రం నిలవడకు!" ఆమె గొంతు కూడా వణికింది. నాకంటే ఎక్కువ ఆమే భయపడుతోందని అప్పుడర్థమైంది. అయినా దిగమని అనలేదు.

చెంప బండకి ఆనించి ఊపిరి నిదానంగా పీల్చాను. కుడికాలు పైకి పెట్టాను.

పైకి చేరి, చుట్టూ తిరిగి కిందికి వచ్చేసరికి అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. బస్సులో నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పసుపంటిన వేళ్లు గట్టిగా బిగించి, దిగేదాకా వదల్లేదు.

వెళ్లాను. కనుమ దగ్గర తల పగిలిపోయేంత నొప్పి, నడుం లోతు మంచు, పది అడుగులు వేస్తే ఆగాల్సిన ఆయాసం. మెల్లగా దాటాను. చర్మం కమిలిపోయి ఇంటికొస్తే అత్తమ్మ మొహానికి మీగడ రాస్తూ కూర్చోబెట్టింది. కొండలెట్లున్నాయో, మంచెట్లుందో అడగలేదు.

"యాడ భయమైంది? మొదలు గది చెప్పు," అంది.