కోడలి నీళ్ళ లెక్క

మా కోడలికి పెళ్ళయి ఆరేళ్ళు. పిల్లల కోసం గుంటూరులో వైద్యం చేయించుకుంటున్న రెండో ఏడు ఇది జరిగింది. పదకొండు రోజులు ఇంజెక్షన్లు చేసి, ఒక సోమవారం పొద్దున అండాలు తీశారు. ఇరవై ఆరు వచ్చాయి. మా అబ్బాయి ఆ సంఖ్య ఫోన్లో రెండుసార్లు చెప్పాడు. డాక్టరమ్మ మాత్రం సంతోషించలేదట. మందులకు అండాశయాలు హద్దు మీరి వాచాయని, కడుపులో నీరు చేరే ప్రమాదం ఉందని, పిండాన్ని లోపల పెట్టడం కొన్ని నెలలు వాయిదా వేసింది. ఇంటికి పంపుతూ ఒక కాగితం ఇచ్చింది. రోజూ పొద్దున బరువు చూడాలి. బొడ్డు మీదుగా టేపుతో చుట్టుకొలత తీయాలి. తాగిన నీళ్ళెన్నో, పోసిన మూత్రమెంతో కొలిచి రాయాలి. మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా వెంటనే బయల్దేరి రావాలి.

రాసే పని నేనే అడిగి తీసుకున్నాను. విజయపురి సౌత్‌లో నీటిపారుదల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేసింది ఆ పనే. వచ్చిన నీరు ఒక గడిలో, పోయిన నీరు ఒక గడిలో. రెండిటికీ పొంతన లేకపోతే కాగితం పైకి పంపేదాన్ని కాదు. రిటైరై నరసరావుపేట వచ్చాక ఇంట్లో నన్ను ఎవరూ ఏ లెక్కా అడగలేదు. ఆ సాయంత్రం పొడుగు నోటుబుక్కులో గళ్ళు గీస్తూ కోడలి నొప్పి సంగతి కాసేపు మరిచిపోయానంటే అబద్ధం కాదు.

మంగళవారం తొమ్మిదిన్నరకల్లా ముప్పాళ్ళ నుంచి వియ్యపురాలు దిగింది. అప్పటిదాకా నేనేమడిగినా “బాగానే ఉందత్తయ్యా” అన్న పిల్ల, తల్లిని చూడగానే ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. ఎక్కడెక్కడ నొప్పో వేలితో చూపించింది. నేను టేపు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

ఆ రెండు రోజులూ వాళ్ళ గదిలో నుంచి మాటలు వినపడేవి. నేను లోపలికి వెళ్తే ఆగేవి. వియ్యపురాలు కూతుర్ని “ఏమే మొద్దూ, కదలకుండా పడుండవే” అని కసిరితే, ఈ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వేది. అదే మాట నేనంటే నెల రోజులు ఇంట్లో మాటలుండవు. మా అబ్బాయి నాకు పెళ్ళయిన తొమ్మిదో ఏట పుట్టాడు. అప్పటికి మా అమ్మ లేదు. నా పక్కన కూర్చుని నన్ను తిట్టిన వాళ్ళెవరూ లేరు. బుధవారం మధ్యాహ్నం దాకా కోడలు “అమ్మా” అని పదిహేడుసార్లు పిలిచింది. “అత్తయ్యా” అని రెండుసార్లు, రెండూ టేపు ఎక్కడ పెట్టారని.

వియ్యపురాలు కూతురికి బాలింత పథ్యం మొదలుపెట్టింది. అండాలు తీశారంటే పురుడు పోసుకున్నట్టే అని ఆమె లెక్క. వెల్లుల్లి కారం, నెయ్యి, పొడి అన్నం, కాచిన నీళ్ళు గుక్కెడు. నడుముకు పాత చీర కూడా చుట్టబోతే కోడలే నొప్పని వద్దంది. నేను జగ్గుతో మజ్జిగ తెచ్చి పెట్టి, డాక్టరమ్మ కాగితం చూపించాను. “అట్టాగే వదినా, తాగిస్తాలే” అని నవ్వింది. కాసేపటికి జగ్గు ఖాళీగా వచ్చింది. తాగింది రాసుకున్నాను. మూత్రం కొలత కోడలు నాతో చెప్పడానికి సిగ్గుపడి తల్లితో చెబితే, ఆమె గదిలో నుంచే కేకేసేది, మూడొందలంట వదినా అని.

గురువారం పొద్దున బరువు చూస్తే ముందు రోజు కంటే కిలోన్నర పెరిగింది. చుట్టుకొలత నాలుగు సెంటీమీటర్లు పెరిగింది. పుస్తకం ముందేసుకుని బుధవారం గడి చదివాను. మూడొందలు, మూడొందలు, మూడొందలు, మళ్ళీ మూడొందలు. కాలవల మీద పనిచేసే లస్కర్లు వానకు తడవడం ఇష్టం లేక, నీటిమట్టం చూడకుండా గుడిసెలో కూర్చుని ఇట్లాగే రాసేవాళ్ళు. కొలిచిన అంకె ఒకసారి రెండొందల డెబ్బై వస్తుంది, ఒకసారి మూడొందల నలభై. బాత్‌రూములోకి వెళ్ళి కొలత గిన్నె అడుగు తడిమాను. ఎండిపోయి ఉంది. అప్పుడు టైము తొమ్మిదీ పది.

ఆ నిమిషమే గుంటూరుకు ఫోన్ చేయాల్సింది. నేను పుస్తకం మూశాను. అబ్బాయి సత్తెనపల్లి నుంచి ఆరున్నరకు వస్తాడు. వాళ్ళత్త ఎదురుగా వాడి ముందు పుస్తకం తెరిచి, ఎవరు ఎవరి మాట వినలేదో చూసుకోరా అని చెప్పాలనుకున్నాను. ఏ మాట తర్వాత ఏ మాట అనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. మధ్యాహ్నం వంట చేశాను. వియ్యపురాలికి రెండోసారి పప్పు వడ్డించాను.

నాలుగూ ఇరవైకి కోడలు పడుకోలేక లేచి కూర్చుంది. ఊపిరి సగంలోనే తెగిపోతోంది. వియ్యపురాలు విసనకర్రతో విసురుతోంది. నేనేమీ అడగకుండానే చెప్పేసింది.

“కడుపు నిండా నీళ్ళుంటే మళ్ళీ నీళ్ళు పోస్తారా వదినా ఎవరన్నా? నేనే తాగొద్దన్నా. మజ్జిగ నేనే పారబోశా. నువ్వు ఊరుకోవని మూడొందలని చెప్పా.”

సిద్ధం చేసుకున్న మాటలన్నీ అక్కడే వదిలేశాను. కారు మాట్లాడి గంటంపావులో గుంటూరు చేర్చాము. సెలైన్ ఎక్కించారు, కడుపులో నుంచి సూదితో రెండు లీటర్ల పైన తీశారు. నీరు రక్తంలో నుంచే కారి కడుపులో చేరుతుందని, తాగకపోతే రక్తం చిక్కబడి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పింది. తర్వాత నా పుస్తకంలో బరువు, చుట్టుకొలత గళ్ళు చూసి, ఇట్లా రాసేవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటే బాగుండునంది. వియ్యపురాలు నా రెండు చేతులూ పట్టుకుంది. “నువ్వు ఉండబట్టి నా బిడ్డ దక్కింది వదినా.”

చేతులు వెనక్కి తీసుకోలేదు. తొమ్మిదీ పది నుంచి నాలుగూ ఇరవై దాకా ఏడు గంటల పది నిమిషాలు. ఆ సంగతి ఏ గడిలోనూ రాయలేదు.

శుక్రవారం పొద్దునకు కోడలి ఊపిరి కుదుటపడింది. రాత్రి వచ్చిన అబ్బాయి బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళాడు. వియ్యపురాలు టీ కోసం కిందికి వెళ్ళాక కోడలితో చెప్పాను.

“ఆ లెక్క దొంగదని నిన్న పొద్దునే తెలిసింది నాకు. మీ ఆయన వచ్చిందాకా చెప్పకూడదని ఆగాను.”

“ఎందుకత్తయ్యా?”

“మీ అమ్మ వచ్చిన దగ్గర్నుంచి నన్ను పిలవలా నువ్వు.”

కోడలు కిటికీ వైపు తిరిగింది. నాకు చావొచ్చినా మీరిద్దరూ పంతాలు మానరా అంటుందనుకున్నాను. అనలేదు.

“నేనూ చెప్పలేదుగా, కొలవట్లేదని,” అంది. “అమ్మకు మాత్రం చెప్పబాకండి. మీరు దేవతని ఊళ్ళో అందరికీ ఫోన్లు చేస్తా ఉంది.”

నవ్వాలో వద్దో తెలియలేదు. తప్పు లేదని ఆ పిల్ల అనలేదు. అనమని నేనూ అడగలేదు.

వియ్యపురాలు మూడు గ్లాసుల టీ పట్టుకుని వచ్చింది. కోడలు వెంటనే పక్కకు జరిగి తల్లికి మంచం మీద చోటిచ్చింది, సూది లేని చేత్తో ఆమె కొంగు పట్టుకుంది. లోపల మళ్ళీ అదే మంట. కుర్చీ లాక్కుని, మంచానికి రెండో పక్కన, సూది ఉన్న చేతి వైపు కూర్చున్నాను.