తీగ మీద బంతిపూల దండ

నాకు గాబరా ఎక్కువ. తలుపుకు తాళం వేసి, సందు చివరి దాకా వెళ్లి, వేశానో లేదో చూడడానికి వెనక్కి వచ్చే రకాన్ని. అలాంటిదాన్ని పాలు తాగే పాపను ఇంటి యజమానురాలి చేతిలో పెట్టి ఉద్యోగానికి వెళ్తున్నాను. ఆ పెద్దామెను మేము ఖాలా అంటాం. పాప సీసా పాలు ముట్టదు. మహబూబ్‌నగర్‌లో మేము కిరాయికి ఉంటున్న ఈ ఇల్లు ఆఫీసుకు దగ్గరే కాబట్టి, మధ్యాహ్నం వచ్చి పాలిచ్చి వెళ్తానని ఆఫీసు నడిపే సారును అడిగాను.

"పని నడుస్తాంటే పోండ్రి మేడమ్. ఆగిందనుకో, మీరు లేకుంటె ఎట్ల?" అన్నాడు. న్యాయమైన మాటే.

మాది కరెంటు బిల్లులు అచ్చువేసే చిన్న కంప్యూటర్ సెంటర్. లెక్కలన్నీ రెండు పెద్ద మిషన్లలో ఉంటాయి. ఒకటి ఆగితే ఇంకోటి అందుకోవాలి. టైపు చేసే అమ్మాయిల ముందు చిన్నవి మూడు. అన్నింటినీ కలుపుతూ ఒకటే నల్ల తీగ, ఒకదాని వెనక నుంచి ఇంకోదాని వెనక్కి పోతుంది. రెండు కొసలకూ చిన్న మూతలు; కొసకు మూత లేకపోతే తీగ పనిచేయదు. ఎక్కడ ఒక్క అతుకు వదులైనా అన్నీ మూగబోతాయి. ఆ వదులు ఎక్కడో మాత్రం ఏ మిషనూ చెప్పదు.

దసరా సెలవు తర్వాత ఆఫీసు తెరిచిన రోజు పొద్దున కరెంటు లేదు. బ్యాటరీల మీద పని బాగానే సాగింది. కరెంటు వచ్చిన కాసేపటికి మిషన్లకు ఒకదానితో ఒకటి సంబంధం తెగిపోయింది. ఆపి మళ్లీ వేస్తే కాసేపు కలిసి మళ్లీ తెగింది.

"పొద్దున మంచిగనే ఉండె గద మేడమ్. కరెంటొచ్చినంక ఏం రోగమొచ్చింది?" అన్నాడు సారు.

నేనూ కరెంటునే అనుమానించి ప్లగ్గులన్నీ మార్చాను. లాభం లేదు. మధ్యాహ్నం కావస్తోంది. పాలు చేపుకొచ్చి జాకెట్ తడిసింది. కొంగు నిండుగా కప్పుకున్నాను. ఇంట్లో పాప ఏడుస్తూనే ఉంటుందని నాకు తెలుసు.

అప్పుడు తీగను నడిమికి విడదీసి, అక్కడ విడి మూత బిగించాను. అమ్మాయిల మూడు మిషన్లు వాటిలో అవి పలికాయి. తప్పు పెద్ద మిషన్ల వైపే ఉందన్నమాట. వాటి వెనక మోకాళ్ల మీద కూర్చుని అతుకులు తడుముతుంటే నా చేతి మీద పచ్చటి పూరేకు ఒకటి రాలింది.

తల ఎత్తి చూశాను. గోడ వెంబడి పోయే తీగకు దసరా నాటి బంతిపూల దండ బరువుగా వేలాడుతోంది. ఫ్యాన్ గాలికి దండ ఊగినప్పుడల్లా కింద అతుకు పక్కకు వాలుతోంది. పొద్దున కరెంటు లేక ఫ్యాన్ తిరగలేదు కాబట్టే పని సాగింది.

ఆఫీసు ఊడ్చే పెద్దమ్మను పిలిచాను. "దండ తీగకెందుకు వేశావు పెద్దమ్మా?"

"నువ్వే చెప్తివి గద బిడ్డా, గీ తీగ అన్నిట్లకు పోతదని. ఒక్కటే దండ ఉండె. దీని మీదేస్తె అన్నిటికి అందుతదనుకున్న."

నేను చెప్పిన మాటే. సారు నవ్వాడు. "అందింది పెద్దమ్మా. అన్నిటికి ఒక్కసారే అందింది."

తీసేద్దామని చెయ్యి పెట్టాను. "జర ఆగు. పూజ దండ నడుమ తీయొద్దు. దీపావళికి కొత్తదేసినప్పుడు తీస్త."

వాదించే ఓపిక నాకు లేదు. సారు స్టూలెక్కి, గేటు దగ్గరి రాయితో గోడకు మేకు కొట్టాడు. పెద్దమ్మ దండను దాని మీదికి మార్చింది. నేను అతుకు బిగించి, విడదీసిన తీగను కలిపి, ఫ్యాన్ జోరుగా పెట్టించాను. దండ ఊగింది. తీగ కదల్లేదు. పక్క గదిలో ప్రింటర్ గరగరమంది.

"ఇంక నిలబడ్డరేంది మేడమ్? బిడ్డ మనల తిడ్తుంటది, పోండ్రి."

దాదాపు పరుగెత్తాను. ఖాలా పాపను భుజాన వేసుకుని గడపలోనే ఉంది. "నీ బిడ్డది గొంతు గాదమ్మా, సైరను. గల్లంత జమైంది."

ఆమె మంచం మీదే కూర్చుని పాలిచ్చాను. వెక్కిళ్లు ఒక్కొక్కటిగా తగ్గాయి. పాప నా వేలు పట్టుకుంది.

"ఎందుకింత ఆలస్యం?" అంది ఖాలా.

"పూలదండ వల్ల."

"ఆఫీసుకు పోయినవా, పెండ్లికి పోయినవా?"

పాప పడుకుంది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. దండ ఎండిపోయి మేకుకు వేలాడుతూనే ఉంది. పొద్దున వెళ్లగానే ఫ్యాన్ వేసి, దాన్ని ఒకసారి చూసి పనిలో కూర్చుంటున్నాను. మధ్యాహ్నం కాగానే లేచి ఇంటికి వస్తున్నాను.